పాల టీలో గుండీ

నా కథల్లో ఆవగింజంత కల్పన కూడా ఉండదు. అనుమానముంటే చివరిదాకా విని, అప్పుడు నిలదీయండి.

దర్జీ గ్లాసును బల్లమీద ఠక్కున పెట్టి, చెంచాతో ఓ గుండీని పైకి తీశాడు. సగ్గుబియ్యం ఉండలు వేసిన పాల టీ అది. నల్లటి ఉండల మధ్య నల్లటి గుండీ, దాని నాలుగు కన్నాల్లో ఆకుపచ్చ దారం తునక.

"ఏమ్మా, సగ్గుబియ్యం అయిపోతే గుండీలు ఉడకేస్తారా ఇక్కడ?" అన్నాడు, కొట్టంతా వినబడేలా.

మొన్న మొన్నటిదాకా ఆ గది అతని కుట్టు దుకాణమే. ఇంటాయన అతన్ని ఖాళీ చేయించి ఈ టీ కొట్టావిడకిచ్చాడు. అప్పటినుంచి ఆ వీధి తొక్కనివాడు, ఆ రోజు తనే మెకానిక్కునీ కండక్టరునీ వెంటబెట్టుకుని, ఆ మామిడి పుడ్డింగు సంగతేమిటో చూద్దాం పదండ్రా అంటూ తీసుకొచ్చాడు.

పక్క బల్ల దగ్గర పిల్లలు స్ట్రాలు వదిలేసి ఫోన్లెత్తారు. ఓ జంట సగం తాగిన గ్లాసులు అక్కడే పెట్టి లేచిపోయింది. కొట్టావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, వేరే గ్లాసు ఇస్తానంది. అక్కర్లేదన్నాడు. ఫుడ్ ఇన్‌స్పెక్టరుకి చెబుతాననీ, సాయంత్రానికి తలుపుకి సీలు పడుతుందనీ, అసలు ఈ గదిలో అడుగుపెట్టినవాళ్లెవరూ బాగుపడరనీ అన్నాడు.

"ముప్పయ్యేళ్లు నువ్వున్నది ఇందులోనే కదరా" అన్నాడు మెకానిక్కు.

"నువ్వెవరి వైపురా?"

కండక్టరు నోరు మెదపలేదు. పుడ్డింగు వంక దీక్షగా చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ గుండీని కడిగి వెలుతురులో పట్టి చూసింది. తర్వాత ముగ్గురి వంకా చూసింది. చూపు కండక్టరు దగ్గర ఆగింది. ఆకుపచ్చ చొక్కా, నల్ల గుండీలు, మూడోది ఉండాల్సిన చోట ఖాళీ.

"ఇది ఈయనదేనండీ" అంది. ఫోన్లన్నీ ఇటు తిరిగాయి. దర్జీ మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

రభస ఆగితే చాలనుకుందో ఏమో, ఆవిడ గొంతు తగ్గించింది. "మీరు కావాలని చేసుండరు బాబాయ్. ఈయన ఇటు వంగినప్పుడు ఊడి గ్లాసులో పడుంటుంది. తప్పు మీదీ కాదు, ఈయనదీ కాదు. కుట్టినవాడెవడో గానీ, వాడి చేతిపనే నాసిరకం."

అవునమ్మా అని ఒక్క మాట అంటే పరువుతో బయటపడొచ్చు. అనమని మెకానిక్కు బల్లకింద కాలు తొక్కాడు కూడా.

దర్జీ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

"నాసిరకమా? చొక్కా చిరిగి పీలికలైనా నేను కుట్టిన గుండీ ఊడదు. ఇదీ ఊడలేదు. వీడు కునుకు తీస్తుంటే కత్తెర పెట్టి కోసి, ఈ చేత్తోనే నీ టీలో వేశాను. తీసుకోండర్రా వీడియో, ఈ మాట కూడా రానివ్వండి."

సరే, ఒక్క కల్పన ఉంది, ఒప్పుకుంటున్నాను. అక్కడ కండక్టరనేవాడు లేడు, ఆ చొక్కాలో నోరు మెదపకుండా కూర్చున్నది నేనే. ముందురోజు దానంతటదే ఊడిపోతే, కుట్టిపెట్టరా అని ఆ గుండీని వాడి చేతిలో పెట్టిందీ నేనే.