పక్కింటి మెప్పు

"డంబర్ గారూ, తెల్లారకముందే మీ స్పీకరులో పాఠాలు మా పడగ్గది దాకా వినిపిస్తున్నాయి. ఎంత శ్రద్ధండీ!" గుమ్మంలో నిలబడి నవ్వింది పక్కింటావిడ నిషివాకి.

మా నేపాల్ వాళ్ళలో రెండో స్థాయి జపనీస్ పరీక్ష గట్టెక్కిన మొనగాడు డంబర్. ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన మొదటి స్థాయికి చదువుతున్నాడు. నడుం వంచి, క్యోటోలో ఎవరూ మాట్లాడని పుస్తక భాషలో, "తమ ప్రోత్సాహానికి కృతజ్ఞుణ్ణి. రేపటి నుంచి నాలుగింటికే మొదలుపెడతాను" అన్నాడు.

ఆవిడ నవ్వు మొహం మీదే బిగుసుకుపోయింది.

వాడి గదిలోనే ఉంటూ హోటల్లో గిన్నెలు తోముకునే నేను ఆ రెండో స్థాయి పరీక్షే మూడుసార్లు తప్పాను. గబగబా అడ్డం వెళ్ళాను. "తప్పైపోయిందమ్మా. ఇక వినపడదు."

ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయింది.

"మెచ్చుకుంటుంటే క్షమాపణేంట్రా మొద్దూ?" డంబర్ మండిపడ్డాడు.

"నిద్ర పట్టట్లేదు, ఆపి చావమందిరా ఆవిడ!"

"ఆ మాట ఎప్పుడంది?"

"ఈ ఊళ్ళో ఇంతకంటే గట్టిగా తిట్టరు. ఇంతకీ పరీక్షలో వినికిడికి నీకెన్ని మార్కులు?"

"అరవైకి అరవై!" అని అరిచాడు.

అరిచాక పక్కింటి గోడవైపు చూసి, గొంతు తగ్గించి మళ్ళీ చెప్పాడు. "అరవైకి అరవై."