చెవి గంటు

జహీరాబాద్ సంతలో అల్లం అమ్ముడుపోయింది. శరణప్ప గోనెసంచులు దులుపుకుంటున్నాడు.

మాసిన అంగీ వేసుకున్న ఒక పడుచువాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో తాడు. తాడు చివర సన్ననడుము వేటకుక్క, ఇంకా పిల్లే. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"కాకా, దీన్ని సాదుకుంటవా?"

నాకెందుకు అనబోయి శరణప్ప ఆగిపోయాడు. కుక్క ఎడమ చెవికి గంటు కోసి ఉంది.

ఆ గంటు ఎవరిదో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. రాయికోడ్ ఇంద్రసేన పటేల్ తన గ్రేహౌండ్ కుక్కలన్నిటికీ అలాగే కోయిస్తాడు. పోయిన చలికాలం, అంటే డెబ్బై ఏడు చివర్లో, ఆ కుక్కలు కుందేలును తరుముకుంటూ శరణప్ప చేనులో పడ్డాయి. బెదిరిన కాడెడ్లు రెండూ బావిలో పడి చచ్చాయి.

పంచాయితీ పెడితే పటేల్ మీసం దువ్వాడు.

"పట్టుకున్నవా? నా కుక్కలే అని ఏం రుజువు?"

కూర్చున్న పెద్దలు నవ్వారు. పటేల్ ఏడుపు తన చెవులతో వినందే చావనని శరణప్ప ఆ రోజే ఇంటి దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

"ఇది పటేల్ కుక్క గదా. నీకెట్ల వచ్చింది?"

"కుందేలును జూస్తె తోక ముడుస్తది కాకా. అసుంటి కుక్కను పటేల్ తుపాకితోని కాలుస్తడు. అందుకే తప్పించి తెచ్చిన."

పటేల్ దగ్గర జీతగాడై ఉంటాడు, కొట్లాడి కుక్కను ఎత్తుకొచ్చాడు అనుకున్నాడు శరణప్ప. అనుకోగానే కడుపు చల్లబడింది. జాతి బుద్ధి ఎక్కడికి పోతుంది, తినిపిస్తే అదే కరుస్తుంది. వాడి గంటు ఉన్న కుక్కే వాడి గొర్రెల గొంతులు కొరికితే వాడు ఏ పంచాయితీకి పోతాడు?

"ఇయ్యి" అని చెయ్యి చాచాడు.

ఆ పిల్లవాడు తాడు ఇవ్వలేదు.

"పదీ పన్నెండేండ్లు బతుకుతది. ఆఖరు దాకా సాదాలె. తోలు పల్చన, చలికి ఆగది. ఇంట్లనే పండబెట్టుకోవాలె. గొలుసెయ్యొద్దు. రోజు ఉరికియ్యాలె. బొక్కలు తేలినయి, గుడ్లు పెట్టాలె."

"గుడ్లా? మేము లింగాయతులం, తమ్మీ."

"అయితె ఇంకో ఇల్లు జూస్త."

"ఆగు. పెడత."

పగ ఎంత పనైనా చేయిస్తుంది. తాతల నాటి నుంచి గుడ్డు గడప దాటని ఇల్లది. పశువుల కొట్టంలో వేరే కుండ పెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, శరణప్ప భార్య నీలమ్మ గుడ్లు ఉడకేసింది. ఉడుకుతున్నంతసేపూ మొగుణ్ణి తిట్టింది. నెల తిరగకుండా కుక్కకు జింక అని పేరు పెట్టి తన గొంగడిలోనే పండబెట్టుకుంది.

ప్రతి సంతనాడూ ఆ పిల్లవాడు ఇంటికి వచ్చేవాడు. జింక పళ్లు చూసేవాడు. గోళ్లు కత్తిరించేవాడు.

"పిల్లనిచ్చిన మామ లెక్క ఊకూకె వస్తడు" అని శరణప్ప పళ్లు నూరేవాడు.

"రానియ్, పాపం. నీ లెక్క మనసుల ఇసం పెట్టుకొని వస్తలేడు" అనేది నీలమ్మ.

జింక నిండుగా ఎదిగింది. పటేల్ మంద కోహీర్ బీళ్లలో మేస్తోందని తెలిసి, శరణప్ప దాన్ని వెంటబెట్టుకుపోయాడు. మిట్టమధ్యాహ్నం, కాపరి కునుకు తీస్తున్నాడు. శరణప్ప తాడు విప్పాడు.

"ఉస్కో."

జింక ఒక్క ఉరుకున పోయింది. పటేల్ మొహం ఎలా మాడిపోతుందో తలచుకుని శరణప్ప ఒళ్లంతా పొంగిపోయింది. జింక మందలో దూరి, ఒక గొర్రెపిల్ల పక్కన పడుకుని, దాని మూతి నాకింది.

ఆ తర్వాతి సంతనాడు పిల్లవాడు బట్టలమూటతో వచ్చాడు. మనిషి సగమై ఉన్నాడు.

"కాకా, జర కొట్టంల జాగ ఇస్తవా? కొన్నొద్దులుంట."

శరణప్ప ఒక్క ఉదుటున లేచాడు.

"పనికిరాని కుక్కను నాకు అంటగట్టి, ఇప్పుడు జాగ గావాల్నా?"

కట్టె అందుకుని వీపు మీద రెండు వేశాడు. నీలమ్మ అడ్డం వస్తే ఆమెను నెట్టేశాడు. పిల్లవాడు చెయ్యెత్తలేదు.

"నన్ను కొట్టు కాకా. దాన్ని మాత్రం ఇడిశిపెట్టకు."

అంతే అన్నాడు. బొంబాయి రోడ్డు పట్టి చిరాగ్‌పల్లి వైపు నడిచిపోయాడు. మళ్లీ ఏ సంతనాడూ రాలేదు.

వానలు పడ్డాక ఒక రోజు శరణప్ప వాకిట్లోకి ఒక మనిషి నడుచుకుంటూ వచ్చాడు. తలపాగా లేదు, మీసం కిందికి వాలి ఉంది. ఇంద్రసేన పటేల్ అని పోల్చుకోవడానికి శరణప్పకు కొంచెంసేపు పట్టింది.

"కుక్కను తీస్కపోనీకె వచ్చినవా, పటేలా?"

"ఉండనియ్. ఒక్క నీకే గాదు, నా కుక్కలన్నిటిని గిట్లనే ఊరూరికి పంచిండు. నా వేట బందయింది." పటేల్ కొట్టం వైపు తొంగిచూశాడు. "పంచినోడు నీ తాన ఉన్నడా?"

శరణప్ప ఆ మాటను తీరిగ్గా చప్పరించాడు.

"వచ్చిండు. కొట్టంల జాగ అడిగిండు. కట్టెతోని రెండేసి తరిమిన. యాడ సచ్చిండో నాకెర్క లేదు."

పటేల్ గడప ముందే కూలబడ్డాడు. తల పట్టుకుని బావురుమన్నాడు. శరణప్ప చెవులారా విన్నాడు.

"ఒక జీతగాని కోసం గింత ఏడుపా, పటేలా?"

"నీ ఎడ్లు సచ్చినయని తెలిసిననాడే గుల్బర్గాల సదువు ఇడిశిపెట్టి వచ్చిండు. నా ఇంట్ల మెతుకు ముట్టలే. కుక్కలను పంచిండని నేనే బయటికి గెంటిన. వాడు జీతగాడు గాదు శరణప్పా, నా ఒక్కగానొక్క కొడుకు."