ఐదుగురికి ఐదుగురు

“ఐదుగుర్నే వదుల్తారట,” కుర్చీ వేసినా కూర్చోకుండానే చెప్పాడు మత్స్యశాఖ ఉద్యోగి శ్రీరామ్మూర్తి.

యారాడ గంగమ్మ గుడి అరుగు మీద ఆరిళ్ల ఆడవాళ్లు కూర్చున్నారు. చేపల వెంటపడి సరిహద్దు గీత దాటిన బోటులో వాళ్ల మగవాళ్లు ఆరుగురు. నాలుగు నెలలుగా ఓ చిన్న దీవి దేశం జైల్లో ఉన్నారు.

“మన జిల్లా అంత లేదంట ఆ దేశం. దానికింత పంతమేటి బాబూ?” అంది జోగమ్మ.

“చిన్నది కాబట్టే పంతం. వాళ్ల జాలర్లు ఐదుగురు మన దగ్గరున్నారు. తలకి తల. ఒక్కర్ని ఎక్కువ వదిలితే పెద్ద దేశానికి లొంగినట్టని వాళ్ల భయం. ఎవరు ఆగాలో మమ్మల్నే చెప్పమన్నారు. ఆ పాపం నేను మోయలేనమ్మా. మీరే తేల్చండి.”

నిండు నెలల రోజారమణి గంగాలమ్మ వైపు తిరిగింది.

“బోటు నడిపింది గంగరాజన్నే కదా వదినా. ఒడ్డుకొచ్చినా అందరూ దిగాకే సరంగు దిగుతాడు. ఆయన్నే ఆగమను.”

గంగాలమ్మకి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు.

“కుదర్దు. పేర్లు రాసి సీటీలేద్దాం. అమ్మోరి ముందర అందరి మగోళ్లూ ఒకటే.”

“మొగుణ్ణి తప్పించడానికి ఎంత తెలివే నీకు!” మూతి తిప్పింది నూకాలు.

వాళ్లలో రాయడం వచ్చింది గంగాలమ్మ ఒక్కతికే. పాత క్యాలెండరు కాగితాన్ని ఆరు ముక్కలు చేసింది. ఐదు పేర్లు పైకి పలుకుతూ రాసింది. మొగుడి పేరు నోటితో అనకూడదు కనుక ఆరోది మౌనంగా రాసింది. పసుపద్ది, మడిచి, పళ్లెంలో పోసి అమ్మవారి ముందు పెట్టింది.

దణ్ణం పెట్టుకుంటే ఏం కోరాలో తోచలేదు. తల్లీ, సముద్రం మీద గీత నువ్వే గీశావా? అని మాత్రం అడిగింది.

శ్రీరామ్మూర్తి ఒక చీటీ తీసి విప్పాడు.

“గంగరాజు.”

“అమ్మోరు సూసింది,” అంది నూకాలు, మెల్లగా.

రోజారమణి వచ్చి కాళ్లు పట్టుకుంది. “నాను అలగ అన్నందుకేనేమో వదినా...”

“నువ్వేటి సేసావే? సీటీ కదా. లెగు, కడుపుతో వంగకూడదు.”

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది గంగాలమ్మ. కొంగున ముడేసి తెచ్చిన మిగతా చీటీలు ఒక్కొక్కటే విప్పి, చూసి, మంటలో వేసింది. ఐదింటి మీదా ‘గంగరాజు’ అనే ఉంది.