వాసాల పూత

వరికీ జొన్నకూ చుట్టమైన వెదురు జన్యువుల మీద పరిశోధన చేస్తున్న నాగలత, బూర్గంపాడు అవతల ఒక అడవి పల్లెలో గంగక్క ఇంట్లో దిగింది. ఆ ఏడు అడవిలో వెదురంతా పూసింది. ఒకే పొద నుంచి పుట్టిన వెదుళ్లు ఎక్కడ నాటినా ఒకేసారి పూసి ఒకేసారి చస్తాయని అన్నం తింటూ నాగలత చెప్పింది.

"అవ్ బిడ్డా, వంశమంతా ఒక్కసారే పోతది," అంది గంగక్క.

అంతలో కరెంటు పోయింది. తలపైన ఏదో చిటుక్కుమంది. కాసేపాగి మళ్లీ చిటుక్కుమంది. నాగలత సెల్‌ఫోన్ లైటు పైకి వేసింది. పొగచూరి నల్లబడ్డ వాసానికి లేత పసుపు పూత వేలాడుతోంది.

"ఈ వాసాలు ఎప్పటివి గంగక్కా?"

"నా పెండ్లప్పటివి. ఊర్లె ఇండ్లన్నిటికీ అడవిల ఇప్పుడు పూసిన గా పొద వెదురే వేసిన్రు."

వేరు లేని కర్ర పూయదని నాగలతకు తెలుసు. అయినా నమూనా తీసుకుందామని చెయ్యి చాచింది. గంగక్క ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ముట్టకు. పూసినయంటే ఇగ అన్నీ ఒక్కసారే కూలుతయ్. నా మనుమరాలినెత్తుకో, జల్దీ బయటికి పోదాం."

నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని నాగలత వాకిట్లోకి వచ్చింది. వీధిలో అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. ఊరంతా పిల్లల్నెత్తుకుని బయట నిలబడి, ఎవరి ఇంటి కప్పు వంక వాళ్లు చూస్తున్నారు.