కనాయుక్ గారి కోపం

కనాయుక్ గారు విసిరిన కారిబూ దుప్పి ఎముక నేరుగా వచ్చి సైలస్ కనుబొమ్మకి తగిలింది. చర్మం చిట్లి రక్తం బొటబొటా కారింది.

క్రిస్మస్ విందుకి ఊరంతా బడి హాల్లోనే ఉంది. ఒక్కరూ అడ్డు వెళ్లలేదు. కోపం వస్తే కనాయుక్ గారిని ఆపగల మొనగాడు ఆ మంచు తీరంలో ఇంకా పుట్టలేదు.

"రెండో కంటికీ ఒకటి తగిలించు మావా, జత కుదురుద్ది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

సైలస్ నవ్వలేదు. అతను ఊరి కంపెనీకి అధ్యక్షుడు. ఊళ్లోని ఇన్యూపియాట్ ఆదివాసీ కుటుంబాలన్నీ అందులో వాటాదారులే. ఏటా క్రిస్మస్‌కి కంపెనీ ఇంటికో టర్కీ కోడి, ఓ పీపా పొయ్యి నూనె పంచుతుంది. వేటగాడు లేని ఇంటికైతే రెండేసి. మొదటి కానుక మాత్రం కనాయుక్ గారిది. ఆ నియమం పెట్టింది సైలస్సే.

కారణం ఉంది. మూడేళ్ల కిందట, సముద్రం అప్పుడే గడ్డకట్టిన రోజుల్లో, ఇద్దరూ సీల్ వేటకి వెళ్లారు. మంచుదిబ్బ చాటు నుంచి ఒక తెల్ల ఎలుగు లేచింది. ఎంత ఎలుగనుకున్నారు? చర్చి గంట దాని చెవికి పోగులా సరిపోతుంది. తగ్గించే చెబుతున్నాను. అది సైలస్‌ని ఒక్క దెబ్బకి పడగొట్టి, భుజం కరిచి ఈడ్చుకుపోయింది. కనాయుక్ గారు బాకు తీసి దాని వీపు మీదికి దూకారు. ఎలుగు సైలస్‌ని వదిలేసి, వారి తల చర్మాన్ని టోపీ తీసినట్టు ఒలిచేసింది. వారు దాని మెడలో పొడిచారు. అది వారి కడుపు చీల్చింది. వారు మళ్లీ పొడిచారు. మంచు మీద ఎవరి రక్తం ఏదో తెలియకుండా పోయింది.

సైలస్ జనాన్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి ఎలుగు చచ్చి పడుంది. దాని కింద కనాయుక్ గారు.

"మావే నన్ను పొమ్మన్నాడు, సాయం తెమ్మన్నాడు" అన్నాడు సైలస్.

ఆ ఏడు క్రిస్మస్‌కి కొత్త తుపాకీ ఇచ్చాడు. కనాయుక్ గారు దానివైపు చూడకుండా సైలస్ కోటు మీద భళ్లున కక్కారు. మరుసటేడు మంచుబండి ఇచ్చాడు. అతని కళ్లజోడు లాక్కుని నేలకేసి కొట్టారు. పోయినేడు పడవ మోటారు ఇచ్చాడు. వేలు పట్టుకుని రక్తం చిమ్మేలా కొరికారు. ఆ నోరు తెరిపించడానికి ముగ్గురు కావలసి వచ్చింది. ప్రతిసారీ కనాయుక్ గారి భార్య రోడాయే ముందుకొచ్చి ఆ కానుక అందుకుని పరువు కాపాడింది.

"తనే పొమ్మన్న మనిషికి ఇంత కోపమెందుకంటావ్?" అని ఊరు చెవులు కొరుక్కుంది.

ఈసారి కూడా తిరస్కరిస్తే పదవికీ ఊరికీ దండం పెట్టి వెళ్లిపోతానని సైలస్ ఇంట్లో చెప్పి మరీ వచ్చాడు.

"ఏం తెచ్చావురా ఈ ఏడు?" అని అడిగింది రోడా.

"ఏమీ తేలేదత్తా."

కారుతున్న నెత్తురు తుడుచుకోకుండానే సైలస్ కనాయుక్ గారి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఇప్పుడిద్దరి కళ్లూ ఒకే ఎత్తున ఉన్నాయి.

"నువ్వు పొమ్మనలేదు మావా. కాల్చరా అన్నావు. తుపాకీ నా చేతిలోనే ఉంది. బండెక్కి పారిపోయాను. అబద్ధం చెప్పాను. కొట్టు."



కనాయుక్ గారు పక్కనున్న డప్పు కర్ర అందుకున్నారు. మొదటి దెబ్బకి ముక్కు నుంచి రక్తం వచ్చింది. రెండోది పెదవి పగలగొట్టింది. మూడు, నాలుగు చెవి మీద పడ్డాయి. సైలస్ చేతులు కట్టుకుని అలాగే ఉండిపోయాడు. దూది, మందు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన నర్సుని రోడా రెక్కపట్టి ఆపింది.

"ఉండమ్మా. చెయ్యి నొప్పెడితే మా ఆయనే ఆపుతాడు."

అలాగే ఆపారు. కర్ర కింద పడేశారు. సైలస్ గడ్డం మీది రక్తాన్ని అరచేత్తో తాకి, చాలాసేపు చూసుకున్నారు. తరవాత తాము నములుతున్న తిమింగలం తోలు ముక్కని నోట్లోంచి తీసి, పగిలిన ఆ పెదవుల మధ్య బలంగా కుక్కారు.

సైలస్ దాన్ని రక్తంతో సహా నమిలి మింగాడు. "మావా" అని, ఆ పాదాలు పట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

"ఇంకేం, పుచ్చుకోవడాలూ ఇవ్వడాలూ అయిపోయాయి. కోళ్లు కదపండర్రా!" అని వెనక గొంతు మళ్లీ అరిచింది.

రోడా కళ్లొత్తుకుంటూ వచ్చి, ఎలుగు కింద ప్రాణం పోయిన నెలలోపే, ఆ ఊరి నమ్మకం ప్రకారం, మళ్లీ అదే పేరుతో పక్కింట్లో ఆడపిల్లగా పుట్టిన తన మూడేళ్ల మొగుణ్ణి చంకకెత్తుకుని, గౌను సర్ది, ముక్కు తుడిచింది.