నూనె చప్పుడు

కోదండరాం మూడోసారి ఎయిర్ ఫ్రయర్ బుట్ట బయటికి లాగాడు. పిండి పూసిన ఉల్లిపాయ చక్రాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"సుమ్మా సుమ్మా, ఊరికూరికే తెరిస్తే వేడంతా పోతుందయ్యా. ఎర్రగడ్డలు మెత్తబడిపోతాయి," అంది భార్య మంగ.

"ముప్పై ఏళ్ళు చింతాద్రిపేటలో బజ్జీలు వేసినోణ్ణి. నాకు చెప్తావా?"

"నూనె జోలికి పోవద్దని డాక్టరు చెప్పింది కూడా నీకే కదా!"

అతను బయటికి పోయే చొక్కా తొడుక్కుని వంటింట్లోనే అటూ ఇటూ తిరుగుతున్నాడు. గుండెకు స్టెంటు వేసి నెల కాలేదు. అప్పుడే బజ్జీల బండి దగ్గరికి పోతానంటాడు. ఆ పొగకు అతన్ని దూరంగా ఉంచాలనే ఆమె ఈ మిషను కొన్నది.

"దీంట్లో ఫ్యాను మోత తప్ప ఏముందే? నూనెలో వేస్తే గలగలమంటుంది, వేగేకొద్దీ సద్దు తగ్గుతుంది. అది వినే తీస్తాను. ఇట్టా గమ్మునుంటే లోపల ఏమైందో ఎట్టా తెలిసేది?"

"నాకూ అంతే కదయ్యా. పొద్దున మెట్ల మీద ఆగి నిలబడితివి. ఏమైందంటే ఏమీ లేదంటివి. నువ్వు గమ్మునుంటే నాకెట్టా తెలిసేది?"

మళ్ళీ బుట్ట మీదికి పోయిన అతని చెయ్యి ఆగిపోయింది.

"ఎడమ చెయ్యి లాగిందే," అన్నాడు మెల్లగా. "ఇప్పుడూ లాగతా ఉంది."

మంగ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి పరుగెత్తింది.

మిషను టింగుమంది. కోదండరాం అటు చూడలేదు. వీధిలో ఆటోను కేకేస్తున్న ఆమె గొంతే వింటూ కూర్చున్నాడు.