ఊడని అతుకు

నూట ఇరవై మంది వెల్డర్లు కావాలన్నారు. గంటన్నరలో నూట పందొమ్మిది మంది దొరికారు. కృష్ణానగర్‌లో అడగాలే గానీ నూట ఇరవై మంది దేవతలైనా దొరుకుతారు. కిరీటాలు మాత్రం కంపెనీ ఇచ్చుకోవాలి.

దేశానికి అణు జలాంతర్గాములు కావాలట. వాటిని కట్టడానికి నిపుణులు కావాలట. ఆ నిపుణులను తయారుచేసే పుణ్యం తానే కట్టుకుంటానని రఘునందన్ ముందుకొచ్చాడు. ఫిల్మ్ నగర్‌లో ఒక షూటింగ్ ఫ్లోరు అద్దెకు తీసుకుని ‘సాగరశక్తి స్కిల్ అకాడమీ’ అని బోర్డు తగిలించాడు. బోర్డు బ్రహ్మాండంగా ఉంది. లోపల ఒక్క విద్యార్థి లేడు. ఇవాళేమో ఢిల్లీ నుంచి ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడట. వెంట టీవీ వాళ్లూ వస్తున్నారు. అందుకే జూనియర్ ఆర్టిస్టులను సరఫరా చేసే వరప్రసాద్‌కు కబురు వెళ్లింది.

వచ్చిన వాళ్లందరికీ నీలం దుస్తులు తొడిగారు. ఒక జత మిగిలింది. వరప్రసాద్ చుట్టూ చూశాడు. ఫ్లోరు మధ్యలో అట్టలూ ఇనుపరేకులూ కలిపి జలాంతర్గామి సెట్టు వేస్తున్న పోచయ్య కనపడ్డాడు.

“ఇదిగో, ఇది తొడుక్కుని నువ్వూ నిలబడవయ్యా.”

“నేను నిజంగనే వెల్డర్ని సార్.”

“పర్లేదులే. వెనక వరసలో నిలబడు. నీ మొహంలో వెల్డర్ కళ లేదు.”

వెల్డర్ కళ ఉన్న ఆరడుగుల డాన్సర్లు ముందు వరసలో నిలబడ్డారు. వెల్డింగు రాడ్డును మైకులా పట్టుకున్నారు. ఇది ఓడా, ట్యాంకరా అని ఒకడు పక్కవాడిని అడుగుతున్నాడు.

పోచయ్యకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బాలానగర్‌లో పన్నెండేళ్లు బాయిలర్లు అతికిన చేతులు అవి. ఆ వర్క్‌షాపు మూతపడ్డాక సెట్ల పనికి వచ్చాడు. సెట్టు వెల్డింగుకు ఒక ధర్మం ఉంది. చూడ్డానికి కోటలా నిలబడాలి, షూటింగ్ అయ్యాక సుత్తితో ఒక్కటి వేస్తే ఊడిపోవాలి. చుక్కలు చుక్కలుగా అంటించి వదిలెయ్యాలి. నిండుగా అతికితే మేస్త్రి క్రాంతికుమార్ అమ్మానాన్నల్ని కూడా కలిపి తిడతాడు. ఎనిమిదేళ్లుగా పోచయ్య ఊడిపోయే అతుకులే పెడుతున్నాడు. తన చెయ్యి పాడైపోతోందని దిగులు.

ఇవాళ నిజమైన ఆఫీసరు వస్తున్నాడు. ఊడని అతుకు కావలసిన మనిషి ఇన్నాళ్లకు ఒక్కడు ఈ గుమ్మం తొక్కుతున్నాడు.

“అందరూ మొహానికి షీల్డులు దించుకోండి,” వరప్రసాద్ అరిచాడు. “ఆఫీసరు గారి మొహంలోకి ఎవరూ చూడకూడదు. క్రమశిక్షణంటే అదీ.”

ఆఫీసరు వచ్చాడు. ఏం మనిషి! నిదానమైన నడక, బరువైన గొంతు. ఢిల్లీలో ఉద్యోగమైనా తెలుగువాడే కావడం పోచయ్య అదృష్టం. రఘునందన్ నడుం విరిగేలా వంగి ఆయన వెనకే నడిచాడు. ఆఫీసరు జలాంతర్గామి ముందు ఆగి, కెమెరాల వైపు తిరిగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఏం నేర్చుకున్నావు?” అని ముందు వరసలో ఒకడిని అడిగాడు.

“జైహింద్ సార్!”

రెండోవాడిని అడిగాడు. వాడూ జైహింద్ అన్నాడు. వాళ్లకిచ్చిన డైలాగు అదొక్కటే మరి.

పోచయ్య ఇక ఆగలేకపోయాడు. వరసలు తోసుకుని ముందుకొచ్చాడు.

“సార్, నాకు పని వస్తది. జర చూడుండ్రి.”

వెనక్కి పొమ్మని వరప్రసాద్ చేతులూపాడు. ఈలోగా పోచయ్య రెండు మందపాటి ఇనుప పలకలు దగ్గరకు చేర్చి పని మొదలెట్టేశాడు. ఎనిమిదేళ్ల ఆకలి చేతుల్లోకి వచ్చింది. అతుకు ఈ చివరి నుంచి ఆ చివరికి నిండుగా పాకింది. చల్లారాక సుత్తి తీసి ఆఫీసరు చేతికిచ్చాడు.

“కొట్టుండ్రి సార్. సూది మొనంత సందున్నా సముద్రం లోపలికొస్తది. గది నాకెరుకే.”

ఆఫీసరు కొట్టాడు. ఇంకా గట్టిగా కొట్టాడు. సుత్తి పిడి విరిగింది గానీ అతుకు చెక్కుచెదరలేదు.

ఆఫీసరు పోచయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

“ఈ చేతుల కోసమే దేశం ఎదురుచూస్తోంది. సోమవారం విశాఖపట్నం వచ్చెయ్. నీ ఉద్యోగానికి పూచీ నాది.”

టీవీ వాడొకడు తనకు సరిగ్గా రికార్డు కాలేదన్నాడు. ఆఫీసరు విసుక్కోలేదు. అవే మాటలు, అక్షరం పొల్లుపోకుండా, అదే చోట కళ్లు చెమర్చి మళ్లీ చెప్పాడు. పెద్దవాళ్లు ఊరికే పెద్దవాళ్లు కారని పోచయ్య అనుకున్నాడు.

రఘునందన్ చప్పట్లు కొట్టి కొట్టి, రేపటి నుంచే అడ్మిషన్లని కెమెరాలకు చెప్పాడు.

పోచయ్య బయటికొచ్చి ముందుగా మేస్త్రికి ఫోన్ చేశాడు.

“క్రాంతన్నా, నీ అట్టముక్కల కోటలు ఇగ నువ్వే కట్టుకో. నేను రాను, పో!” ఎనిమిదేళ్లుగా తిన్న తిట్లన్నీ ఒక్కటీ మిగల్చకుండా తిరిగి తిట్టేశాడు.

తర్వాత భార్య మంజులతకు చేశాడు.

“ఇల్లు ఖాళీ చేస్తున్నమని ఓనరుకు చెప్పు. నౌకరి దొరికింది. నిజమే, ఒట్టు! ఢిల్లీ ఆఫీసరే సొంతంగ చెప్పిండు.”

మంజులత ఫోనులోనే ఏడ్చేసింది. పోచయ్య కూడా ఏడ్చాడు.

సాయంత్రం జూనియర్ ఆర్టిస్టుల వ్యానులోనే అతనూ ఇంటికి బయలుదేరాడు. గేటు దగ్గర డ్రైవరు బ్రేకు వేశాడు. ఆఫీసరు గబగబా వ్యాను వైపే వస్తున్నాడు. తన కోసమే, ఉద్యోగం కాగితం చేతికివ్వడానికే అనుకుని పోచయ్య లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

వరప్రసాద్ తలుపు తీసి, “ఎక్కండి పట్టాభిరామయ్యగారూ, మిమ్మల్ని మధురానగర్‌లో దింపేస్తాం గానీ, రేపు పొద్దున ఏడింటికి జడ్జి వేషం ఉంది, మర్చిపోకండి,” అంటూ ఆఫీసరుకు చెయ్యి అందించాడు.